నా కాగితాల మీద వెళ్ళిన చెల్లెలు

మా చెల్లెలు గల్ఫ్‌కి నా పేరు మీద వెళ్ళింది. ముప్పై నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి పంపకూడదని రూలు. దానికి ఇరవై ఆరు, నాకు ముప్పై రెండు. "అక్కగారి కాగితాలుంటే చాలండి, ఫొటో ఒక్కటి చెల్లెమ్మది పెడదాం" అన్నాడు ఏజెంటు. మొగల్తూరు చుట్టుపక్కల అలా వెళ్ళినవాళ్ళు మాకు తెలిసే ఐదారుగురు ఉన్నారు. అందుకని తప్పు చేస్తున్నామని ఎవరికీ అనిపించలేదు. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి పోలీసాయన వచ్చిన రోజు నేను పక్కింట్లో కూర్చున్నాను. అది నా పేరూ, పుట్టినతేదీ గడగడా అప్పజెప్పింది. ఆ వారమంతా దాన్ని "అక్కా, అన్నానికి రా" అని ఏడిపించాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఏడాది తిరక్కుండానే అక్కడి యజమానులు దాన్ని ఇంకో దేశంలో ఉన్న తమ బంధువులకి ఇచ్చేశారు, ఇంట్లో కుర్చీ ఎత్తి ఇచ్చినట్టు. పాస్‌పోర్టు ఆ ఇంటావిడ బీరువాలో, గేటుకి తాళం. మా ఊరెళ్తానంటే "నిన్ను కొనుక్కున్నాం" అందిట. "కూర కొన్నట్టే చెప్పిందక్కా" అంది చెల్లి ఫోన్లో. నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, మూడేళ్ళు అలాగే గడిచాయి.

తర్వాత ఆ దేశంలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం వచ్చింది. బాంబులు పడుతుంటే యజమానులు కారెక్కి పోయారు, దీన్ని లోపలే ఉంచి తాళం వేసి. రెండు రోజులు కుళాయి నీళ్ళు తాగి బతికి, వంటింటి కిటికీ ఊచలు పీక్కుని బయటపడింది. మనదేశం వాళ్ళు తలదాచుకున్న ఒక స్కూలు చేరి ఫోన్ చేసింది. "ఓడరేవుకి బస్సులు వేస్తారంటక్కా. లిస్టులో పేరుంటేనే ఎక్కిస్తారు. పాస్‌పోర్టులో ఉన్న పేరే, నీ పేరే ఇచ్చాను. వాకబు చేస్తారంట, ఉన్నదున్నట్టు చెప్పెయ్."

ఆ సాయంత్రమే వాకబుకి కలెక్టరాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "ఏమ్మా, మీరిక్కడ అంగన్‌వాడీలో డ్యూటీలో ఉన్నట్టుంది రికార్డు. మరి అక్కడ మీ పేరు చెప్తున్నావిడ ఎవరండి?"

ఒప్పుకుంటే కేసు. ఉద్యోగం పోతుంది. ఇల్లంతా ఆ జీతం మీదే నడుస్తోంది. "కనుక్కుని చెప్తానండి" అన్నాను. కనుక్కోవడానికి ఏముంది, నా మొహం! రెండు రోజులు పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి పెడుతూ గడిపాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మూడోరోజు పొద్దున్నే ఆ ఆఫీసుకి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆఫీసరుగారు తిట్టలేదు. రాసుకుని, "నిన్న చెప్పాల్సిందమ్మా, ఆఖరి బస్సు నిన్ననే వెళ్ళిపోయింది" అన్నారు. కేసూ పెట్టలేదు, ఉద్యోగమూ పోలేదు. చెల్లి ఫోన్ మాత్రం ఆ రోజు నుంచి కలవలేదు.

రెండు నెలలకి, ఆ ఆఖరి బస్సులో బయటపడ్డ తణుకు ఆవిడ ఒకరు వాకబు చేసుకుంటూ మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు ఇచ్చి, అడగలేక అడిగాను, అది నన్నేమైనా అందా అని.

"లేదండి" అన్నారావిడ. "పేరు పిలవకపోయేసరికి, నా సంచి పైకి అందించి తను కిందే నుంచుందండి. నేను ఏడుస్తుంటే నాకే ధైర్యం చెప్పింది. 'ఈపాటికి మా అక్క చెప్పేసుంటుంది, రేపటి బస్సుకి వచ్చేస్తాను' అందండి."