మా తోడల్లుడి పాలసీ, నా అప్పడాల కర్ర

“ఓరి నాయనోయ్! చంపేసిందిరోయ్!”

మొన్న ఆదివారం పొద్దున ఈ కంగారూల దేశంలో, మా పాయింట్ కుక్ వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా వినబడ్డ కేక ఇది. అచ్చ తెలుగులో! ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. కాఫీ కప్పులు పట్టుకుని, జుట్టు చెదిరిపోయిన మొహాలతో జనం బయటికొచ్చారు. అరిచిందెవరనుకున్నారు? నేనే! నా చేతిలో మా ఆవిడ అప్పడాల కర్ర. నా కాళ్ళ దగ్గర ఒక పెలికాన్ పక్షి తల.

కంగారు పడకండి, చెక్క పెలికానే. కూర్చోండి, టీ చల్లారిపోతుంది. మొదట్నించీ చెప్తాను.

దీనికంతటికీ కారణం మా తోడల్లుడు మురళి. మా ఆవిడ సుభద్ర చెల్లెలు సుజాత ఉందే, ఆమె భర్త. టెక్సాస్‌లో కంప్యూటర్ ఇంజినీరు. నేనేమో ఇంటర్ తప్పి, ఇక్కడ ట్రుగనీనాలో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలుతున్నవాణ్ణి. ఇన్నేళ్ళూ నేను సర్దుకుపోతూనే వచ్చానండీ. అతనికి పెద్ద ఇల్లుందంటే, తుడుచుకోవడం కష్టం పాపం అనుకున్నాను. వెనకాల స్విమ్మింగ్ పూల్ ఉందంటే, మాకు సముద్రమే దగ్గర అనుకున్నాను. కానీ పోయినేడు తుపాకీ కొన్నాడు! లైసెన్సు కూడా తీసుకుని, చొక్కా కింద ఎవరికీ కనబడకుండా నడుముకి పెట్టుకుని తిరుగుతాడట. దానికి నేనేం సమాధానం చెప్పుకోవాలి? ఇక్కడ తుపాకీ కావాలంటే ఎందుకని అడుగుతారు. ఆత్మరక్షణకి అంటే, అది కారణమే కాదు పొమ్మంటారు. మంచి చట్టమే, కాదనను. కానీ ఆ మంచి చట్టం వల్ల మా ఆవిడ దృష్టిలో నేను ఉత్తి చేతులవాణ్ణయిపోయాను.

ఇప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ సెలవులకి మా ఇంటికొచ్చారు. తుపాకీ అక్కడే లాకర్లో పెట్టొచ్చాడు. దాని బదులు ఒక సందేహం పట్టుకొచ్చాడు.

“వదినగారూ, తుపాకీ ఉన్నవాళ్ళకి ఒక ఇన్సూరెన్స్ ఉంది. ఒకవేళ ఎవడైనా మీద పడి, ప్రాణం కాపాడుకోవడానికి కాల్చామనుకోండి. ఆ తర్వాత పోలీసులు, కోర్టులు. అప్పుడు లాయర్ని వాళ్ళే పెడతారు. తీసుకోనా, వద్దా?”

మా ఆవిడ కళ్ళు ఇంతయ్యాయి. “అయ్యో మరిదిగారూ, అంత పెద్ద విషయం నన్నడుగుతున్నారా! తీసుకోండి, తీసుకోండి.”

మా అమ్మాయి హారికనడిగాడు. అది ఇక్కడే పుట్టింది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తుంది. “బాబాయ్, రీడ్ ద ఎక్స్‌క్లూజన్స్ ఫస్ట్,” అంది. ఏవేవి కవర్ చెయ్యరో ముందు చదువుకోమని. మురళి ముచ్చటపడిపోయాడు. ఫోన్ చేసి తెనాలిలో చీరల కొట్లో ఉన్న మా బావమరిదినడిగాడు. ఎదురింటి కెవిన్‌ని కూడా అడిగాడండీ! కెవిన్ రిటైరైన వడ్రంగి. అతన్ని అప్పుడే మొదటిసారి చూడ్డం, అయినా అడిగాడు! కెవిన్ గడ్డం గోక్కుని, “మేట్, దాని బదులు ఒక కుక్కని పెంచుకో,” అన్నాడు.

అందర్నీ అడిగాడు. నన్ను తప్ప!

నేను సోఫాలో అటు జరిగాను, ఇటు జరిగాను, దగ్గాను. “ఇన్సూరెన్స్ అనగానే గుర్తొచ్చింది, మా వేర్‌హౌస్‌లో ఒకసారి...” అని మొదలుపెట్టాను. “ఏమండీ, కాస్త ఆ మంచినీళ్ళ జగ్గు ఇటివ్వండి,” అంది మా ఆవిడ. అంతే, నా అభిప్రాయం ఆ జగ్గులో పడి మునిగిపోయింది.

ఆ రోజే అనుకున్నాను. వీళ్ళు నన్ను కూడా అడిగే రోజు రావాలి!

ఇక్కడ మ్యాగ్‌పై గురించి చెప్పాలి. తెలుపూ నలుపూ కలిసిన పక్షి, మన కాకిలాగే ఉంటుంది. ఏడాదంతా కమ్మగా పాడుతుంది. సెప్టెంబరు వచ్చి గూట్లో పిల్లల్ని పెట్టిందంటే మాత్రం దానికి పూనకమే. వెనకనించి రివ్వున వచ్చి నెత్తిన పొడుస్తుంది. మా ఇంటి పక్కనే వీధి మలుపులో యూకలిప్టస్ చెట్టు మీద ఒకటుంది. దానికీ నాకూ పోయినేడు మాటామాటా వచ్చి నేను గొడుగు ఝళిపించాను. అప్పట్నించీ నేను నెత్తిన ఐస్‌క్రీం డబ్బా బోర్లించుకుని వాకింగ్‌కి వెళ్తాను. డబ్బా వెనకవైపు హారిక మార్కర్‌తో రెండు పెద్ద కళ్ళు గీసింది. వెనక కూడా కళ్ళున్నాయనుకుని పిట్ట రాదన్నమాట. నవ్వకండి, ఇక్కడ చాలామంది చేసేదే.

నా ప్లాను వినండి. మురళికి ఏమీ చెప్పకుండా ఆ చెట్టు కిందికి వాకింగ్‌కి తీసుకెళ్ళాలి. పిట్ట అతని నెత్తి మీదికి రావాలి. టెక్సాస్ వీరుడు నడుము తడుముకుంటాడు, అక్కడేమీ ఉండదు. అప్పుడు నేను అడ్డం దూకి, కర్ర గాల్లో ఆడించి పిట్టని తోలాలి. దెబ్బ వెయ్యను సుమండీ, వేస్తే ఇక్కడ నేరం. ఉత్తినే ఆడించడమే. ఇక సాయంత్రం ఫోన్లన్నిట్లో నా కథే!

కర్ర బయటికి కనబడితే మురళి అడుగుతాడు కదా. అందుకని వంటింట్లోంచి అప్పడాల కర్ర తీసి, అచ్చం అతను తుపాకీ పెట్టుకున్నట్టే నడుముకి దోపుకుని పైన జాకెట్ వేసుకున్నాను. ఐస్‌క్రీం డబ్బా మాత్రం వంటింటి బల్ల మీదే వదిలేశాను. తోడల్లుడి ముందు డబ్బా పెట్టుకుని నడుస్తామా, పరువేం కాను?

అడుగేస్తే కర్ర తొడకి కొట్టుకుంటోంది. కుంటుతూ నడుస్తున్నాను.

“అన్నయ్యగారూ, నడుం పట్టిందా?”

“ఆ, కొంచెం. నువ్వు ముందు నడువు మురళీ, నేను మెల్లగా వస్తాను.”

పాపం నడిచాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశం చూస్తూ, ఎంత బావుందో మీ ఊరు అంటూ చెట్టు కిందికెళ్ళాడు. ఏమీ కాలేదు. చెట్టు దాటాడు. ఊహూఁ! పిట్ట కొమ్మ మీదే కూచుని చూస్తోంది. ఇదేమిటి, దీనికి కూడా మురళి అంటే గౌరవమేనా అని నాకు ఒళ్ళు మండిపోయింది. “ఓయ్!” అన్నాను, పిట్టతో. నిజంగా అన్నాను.

అది తల తిప్పి నన్ను చూసింది. గుర్తుపట్టింది! ఈ పిట్టలు మొహాలు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటాయని హారిక ఆ తర్వాత చెప్పింది. ముందే చెప్పొద్దూ!

రివ్వుమని వచ్చి ఠకీమని నెత్తిన ఒకటిచ్చింది. నేను కర్ర లాగబోతే అది జాకెట్ తాడులో ఇరుక్కుంది. రెండోసారి చెవి మీద! మీరు విన్న ఆ కేక అప్పుడే పెట్టాను. బలమంతా పెట్టి లాగేసరికి కర్ర ఊడొచ్చి, నా చెయ్యి చక్రంలా తిరిగి, ఫట్! దెబ్బ పక్షికే తగిలింది. కాకపోతే కెవిన్ ఇంటి ముందున్న చెక్క పక్షికి. తన చేత్తో చెక్కుకుని, రంగులేసుకుని, ముక్కులో ఉత్తరాలు వేసేలా చేసుకున్న పెలికాన్ లెటర్‌బాక్సు!

మురళి ఏం చేశాడో తెలుసా? పరిగెత్తుకొచ్చాడు. తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. నా భుజం మీద చెయ్యేసి, “చేతులు ఆడించకండి అన్నయ్యగారూ, పరిగెత్తకండి. దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి,” అన్నాడు. పిట్ట వెళ్ళి బుద్ధిగా కొమ్మ మీద కూచుంది.

“నీకెలా తెలుసు?” అన్నాను, రొప్పుతూ.

“టెక్సాస్‌లో కూడా ఇలా పొడిచే పక్షులున్నాయండీ.”

అవి కూడా ఉన్నాయటండీ వాళ్ళకి! మాకంటూ ఒక్కటి మిగల్చరు!

ఈలోగా కెవిన్ వచ్చాడు. కింద పడ్డ తల తీసి చేతిలో పెట్టుకుని చూశాడు, నన్ను చూశాడు. “మేట్, నా పెలికాన్ నిన్నేం చేసింది?”

“సెల్ఫ్ డిఫెన్స్, కెవిన్!”

“పెలికాన్ నుంచా?”

మురళి మొహం వెలిగిపోయింది. “అన్నయ్యగారూ, ఇదే! సరిగ్గా ఇదే నేను ఆలోచిస్తున్నది! మనం కాపాడుకోబోతే దెబ్బ పక్కవాడికి తగిలితే ఎవరు పూచీ?”

జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. అప్పుడు మా గేటు దగ్గర్నించి, చేతులనిండా పిండితో, మా ఆవిడ కేక. “ఏమండీ! పూరీల పిండి కలిపి కూచున్నాను, అప్పడాల కర్ర ఎక్కడా కనబడ్డం లే...” ఆగిపోయింది. కర్ర చూసింది, జాకెట్ చూసింది, మురళిని చూసింది. ఆవిడకి చదువు తక్కువే గానీ లెక్క తప్పదు.

“తుపాకీ లేదని అప్పడాల కర్ర దోపుకొచ్చారా!”

సుజాత కడుపు పట్టుకుని మెట్ల మీద కూలబడింది. “బావా, లైసెన్సుందా దానికి?”

సరే, ఆ మధ్యాహ్నం జరిగిందంతా మీరు ఊహించుకోగలరు. కెవిన్‌ని భోజనానికి పిలిచాం. కర్ర కడిగి మా ఆవిడ పూరీలొత్తింది. మా గరాజ్‌లో కెవిన్, మురళి కలిసి పెలికాన్‌కి తల అతికించారు. నన్ను ఏ పనిముట్టూ ముట్టుకోనివ్వలేదు. తల కాస్త వంకరగా కుదిరింది. ఇప్పుడా పెలికాన్ వీధి చూడ్డం మానేసి మా గుమ్మం వైపే చూస్తోంది.

చివరికి అందరం బల్ల చుట్టూ కూచున్నాం. పూరీలు పొంగి వస్తున్నాయి. మురళి ఒకటి తుంపి, తినకుండా పట్టుకుని కూచున్నాడు.

“అన్నయ్యగారూ, తుపాకీ కొంటే భయం పోతుందనుకున్నాను. ఇప్పుడు పార్కింగ్‌లో ఎవడైనా వెనక నడిస్తే చాలు, చెయ్యి నడుము మీదికి పోతోంది. పాలసీ కూడా ఉంటే ఇంకా తొందరగా పోతుందేమోనని దడగా ఉంది. అనుభవం ఉన్నవారు, మీరు చెప్పండి. తీసుకోనా, వద్దా?”

నన్ను! నన్నడిగాడండీ! అందరి ముందూ! మా ఆవిడ కూడా గరిటె ఆపి నా వైపు చూసింది. గొప్పగా చెబుదామని దాచుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నెత్తిన బొప్పి మాత్రం సలుపుతోంది.

“చేతిలో కర్ర ఉంది కాబట్టి తిప్పాను మురళీ. లేకపోతే నువ్వు చెప్పినట్టే మెల్లగా నడిచొచ్చేవాణ్ణి. ముందు ఆ నడుం దగ్గరది ఇంట్లో పెట్టి కొన్నాళ్ళు నడిచి చూడు. పాలసీ సంగతి ఆ తర్వాత.”

మురళి తలూపాడు. సుజాత ఊపిరి పీల్చుకుని, “ఆ మాటే నేనెన్నాళ్ళుగానో అంటున్నాను బావా,” అంది. మా ఆవిడ నా కంచంలో అడక్కుండానే ఇంకో పూరీ వేసింది. అబ్బ, అసూయ అంతా కరిగి నెయ్యయిపోయింది అనుకోండి.

“రేపట్నించి నేనూ బుద్ధిగా డబ్బా పెట్టుకునే వాకింగ్‌కి వెళ్తాను,” అన్నాను ఉదారంగా. “ఏదీ, డబ్బా ఎక్కడ?”

మా ఆవిడ కాస్త నీళ్ళు నమిలింది. “మీరు ఇవాళ వదిలేసి వెళ్ళారుగా, ఇక అక్కర్లేదనుకున్నానండీ. శుభ్రంగా కడిగి, చెల్లాయి పట్టుకెళ్ళడానికి దాంట్లో ఆవకాయ పెట్టేశాను.”

బల్ల మధ్యలోనే ఉంది. నాకున్న ఒక్కగానొక్క ఆత్మరక్షణ, అది కూడా టెక్సాస్‌కే! మూత బిగించుకుని, ఆ రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని, నేను పూరీ తింటున్నంతసేపూ నన్నే చూస్తూ కూచుంది.