నయీమా ఇంట్లో నరసాయమ్మ

నరసాయమ్మది రాజోలు పక్క పల్లె. మొగుడు పోయాక, ముప్ఫై అయిదో ఏట బహ్రెయిన్ వచ్చింది. అప్పటి నుంచి ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో పని. రాజధాని మనామాలోని మహూజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. యజమానురాలు నయీమా అనే ముసలావిడ. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరిలాగే నరసాయమ్మా ఆవిడను ‘మామా’ అని పిలుస్తుంది. అంటే అమ్మ అనే. ఆవిడ పిలుపు ‘నర్సా’.

నయీమా యూదు మనిషి. తాతలు ఇరాక్‌లోని బస్రా నుంచి బట్టల వ్యాపారానికి వచ్చి మనామాలో స్థిరపడ్డారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. మాట్లాడేది అరబ్బీ. ఈ దీవిలో ఇప్పుడు ఆ మతంవాళ్ళు కొన్ని పదుల మంది కూడా ఉండరేమో. పిల్లలు లండన్‌లో స్థిరపడ్డా ఆవిడ మాత్రం కదల్లేదు.

చేరిన కొత్తలో నరసాయమ్మకు ఆ ఇంటి పద్ధతులు తలనొప్పి. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, పొయ్యి వెలిగించకూడదు. అందుకని శుక్రవారం పొద్దువాలకముందే కోడి కడుపులో బియ్యం కూరి, సన్నటి సెగ మీద పెట్టేయాలి. మర్నాడు మధ్యాహ్నానికి అడుగున ఎర్రటి మాడు కడుతుంది. ఆ మాడు కోసమే రిఫా ఊరి నుంచి ఉమ్ జాసిం, అంటే జాసిం తల్లి, వచ్చేది.

ఉమ్ జాసిం ముస్లిం. నయీమా కంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరిదీ మనామాలో ఒకే సందు. నలభై ఏడులో పాలస్తీనాను పంచుతారన్న వార్త వచ్చినప్పుడు ఊళ్ళో అల్లరిమూకలు యూదుల ఇళ్ళ మీద పడ్డాయి, ప్రార్థనామందిరాన్ని ధ్వంసం చేశాయి. నాలుగేళ్ళ నయీమాను ఉమ్ జాసిం తల్లి తన ఇంట్లో బొంతల కింద దాచి, వాటి మీద కూర్చుని పప్పు ఏరిందట. “వచ్చినవాళ్ళు మా సందువాళ్ళు కారు” అని నయీమా ఎప్పుడూ అంటుంది. ఆ తర్వాత చాలామంది వెళ్ళిపోయారు. ఆవిడ మేనత్త ఇజ్రాయెల్ వెళ్ళింది. నయీమా తండ్రి మాత్రం, “ఇక్కడి నీళ్ళు ఉప్పనైనా అలవాటైపోయాయి” అని ఉండిపోయాడు.

రెండువేల ఇరవైలో బహ్రెయిన్, ఇజ్రాయెల్ స్నేహ ఒప్పందం చేసుకున్నప్పుడు ఈ ఇంటికి టీవీవాళ్ళు వరసకట్టారు. నయీమా పట్టుచీర లాంటి గౌను వేసుకుని, “మేమంతా ఒకే కుటుంబం” అని చెప్పింది. ఉమ్ జాసిం అది చూసి నవ్వింది. “డెబ్బై ఏళ్ళుగా నాతో పోట్లాడుతున్నావుగా, ఆ సంగతి చెప్పవేం?” అంది.

మూడేళ్ళు తిరిగేసరికి అక్టోబరులో గాజాలో యుద్ధం మొదలైంది. ఆ శనివారం ఉమ్ జాసిం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మూడో వారం తెలిసింది. ఆవిడ కోడలు హనాన్‌ది గాజా. బాంబుదాడిలో హనాన్ అన్న, వదిన, వాళ్ళ ముగ్గురు పిల్లలు పోయారు.

నయీమా ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. కోడి, అన్నం వండించి నరసాయమ్మను టాక్సీలో రిఫా పంపింది. గేటు దగ్గర కొడుకు జాసిం నిలబడ్డాడు.

“తీసుకుపో నర్సా. నీ మీద కోపం లేదు” అన్నాడు.

వేడి గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఆమె మళ్ళీ మహూజ్ వచ్చింది. నయీమా గుమ్మంలోనే పట్టుకుంది.

“ఏం చెప్పావు? ఎలా చెప్పావు? తలవంచుకుని చెప్పావా?”

“మీరు చెప్పమన్నట్టే చెప్పాను మామా.”

“లేదు, నువ్వు సరిగా చెప్పి ఉండవు.”

వారం తర్వాత మళ్ళీ పంపింది. ఈసారి ఉమ్ జాసిం కిటికీలోంచే మాట్లాడింది. “అప్పుడు టీవీలో చెప్పిందిగా, ఒకే కుటుంబం అని. ఇప్పుడు ఆ కుటుంబం చస్తోందని కూడా చెప్పమను.”

ఆ మాట మోసుకొస్తే నయీమా మండిపడింది. “ఇప్పుడు నా ముందు మైకు పెట్టేదెవరు? అప్పుడొచ్చినవాళ్ళలో ఒక్కడు ఫోను చేశాడా? నేనొక మాటంటే లండన్‌లో నా కొడుక్కి కోపం. అనకపోతే దీనికి కోపం. నేనేం చెయ్యాలో నువ్వు చెప్పు!”

నరసాయమ్మకు ఏం తెలుసు? ఆడపడుచు భూలక్ష్మి ఆ పక్కనే జిదాఫ్స్‌లో ఇంటి పని చేస్తుంది. ఆమె ఫోనులో ఒకటే పోరు.

“యూదోళ్ళింట్లో ఎందుకొదినా నీకు? బయట ఊరేగింపులు జరుగుతున్నాయంట. మానేసొచ్చెయ్.”

“ఇరవయ్యేళ్ళు తిన్న ఇల్లే. ఎక్కడికి పొమ్మంటావే?”

“లేబర్ క్యాంపుల్లో మనోళ్ళు దీని గురించి రోజూ కొట్టుకుంటన్నారు. కొందరు ఇటంట, కొందరు అటంట.”

“ఆళ్ళకేం తెలుసంట? గాజా ఎటేపుందో చూపించమను చూద్దాం. ఈ ఇద్దరు ముసలోళ్ళ మధ్య చస్తన్నది నేను. అందరికీ అన్నీ తెలుసు, రిఫా గేటు ముందు నిలబడేది మాత్రం నేనే!” అని ఫోను పెట్టేసింది.

మూడోసారి నయీమా గిన్నె సర్దుతుంటే నరసాయమ్మ చెప్పులు వేసుకోలేదు.

“నేను వెళ్ళను మామా.”

“ఏం?”

“నేను ఉత్తరాల మనిషిని కాను. మీ మాట అక్కడ చేదు, వాళ్ళ మాట ఇక్కడ చేదు. రెండూ నా నోట్లోనే పడుతున్నాయి. చచ్చింది వాళ్ళ పిల్లలు. పరామర్శకు గిన్నెను పంపుతారా ఎవరైనా? మీకు కాళ్ళున్నాయి. మీరే పదండి.”

ఇరవై ఏళ్ళలో ఆమె అలా మాట్లాడటం అదే మొదటిసారి. నయీమా గిన్నె మీద మూత పెట్టి కుర్చీలో కూర్చుంది.

“మొహాన ఉమ్మితే?”

“తుడుచుకుందాం.”

ఇద్దరూ వెళ్ళారు. జాసిం ఇంట్లో లేడు. తలుపు తీసింది హనానే. నల్లబట్టల్లో, కళ్ళు ఉబ్బి ఉంది. పొమ్మనలేదు, రమ్మనలేదు. తలుపు తెరిచి వదిలేసి పక్కకు జరిగింది. లోపల ఉమ్ జాసిం దివాన్ మీద కూర్చుని ఉంది. నయీమా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. “దేవుడు మీకు ఓర్పునివ్వాలి” అంది. ఎవరూ కాఫీ తేలేదు.

హనాన్ ఎదురుగా కూర్చుని అడిగింది. “అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?”

నరసాయమ్మ నయీమా వైపు చూసింది. ‘లేరు’ అంటే చాలు. ఒక్క మాట.

“ఉన్నారు” అంది నయీమా. “నా మేనత్త మనవడి కొడుకు సైన్యంలో ఉన్నాడు. వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. కానీ లేడని ఎలా చెప్పను?”

హనాన్ లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏడుపు.

“ఆ మాట ఎందుకన్నావే?” అంది ఉమ్ జాసిం.

“మీ అమ్మ బొంత కింద దాక్కున్నదాన్ని. ఈ ఇంట్లో అబద్ధం ఎలా చెప్పను?”

వెళ్ళేటప్పుడు ఉమ్ జాసిం మెట్టు దిగడానికి నయీమాకు చేయందించింది. “హనాన్ ఇక్కడున్నన్నాళ్ళు రాకు. నేనే ఫోను చేస్తా” అంది.

టాక్సీలో నరసాయమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంత దూరం లాక్కొచ్చి కూర్చోబెడితే, మాట పడకుండా బయటపడే దారి ఉన్నా కోరి నిప్పు తొక్కిందని ఒకటే కోపం. ఆ కోపం కిందే ఇంకొకటి. తాను ఆ చోట ఉంటే లేరనే చెప్పేది. అది తలుచుకుంటే ఇంకా మండింది.

ఉమ్ జాసిం ఫోను చేస్తూనే ఉంది, నెలకొకటి రెండుసార్లు. బీపీ మాత్రల గురించీ మోకాళ్ళ గురించీ రెండు నిమిషాలు మాట్లాడుతుంది. ఇంకేమీ అనదు. నయీమా శుక్రవారం కోడి పెట్టడం మానేసింది. “ఇద్దరికి అంత ఎందుకు?” అంటుంది.

మరుసటి ఏడాది రంజాన్ పండగకు నరసాయమ్మ ఎవరూ పంపకుండానే రిఫా వెళ్ళింది. హనాన్ ఆమెను వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఫోనులో అన్న పిల్లల ఫోటోలు చూపించింది. ఒక్కొక్కళ్ళ పేరూ చెప్పి, ఆమెతో మళ్ళీ అనిపించింది. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ లేవు.

ఇంటికొచ్చి నరసాయమ్మ ఆ మూడు పేర్లూ నయీమాకు చెప్పింది. ఆవిడ మెల్లగా తనూ పలికింది.

“నా గురించి అడిగిందా?”

“లేదు మామా” అంది నరసాయమ్మ.

వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ బరబరా తోమసాగింది. ఎవరి మీద కోపమో ఆమెకే తెలియలేదు.