దమ్ముచక్రాల జీపు

ఇవాళ వెల్డింగ్ షాపు ముందు కాలిన ఇనుము వాసన తగలగానే మా గొడ్లసావిడి గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకి చెప్పాలా, వానపడితే పొలాలకెళ్లే నల్లరేగడి డొంకదారి కాలి చెప్పులు కూడా గుంజుకునేది!

నాన్న ఆ సావిడిలోనే పాత జీపుకి, వరిమడి దమ్ము చేసే ట్రాక్టర్ ఇనపచక్రాలు వెల్డింగ్ పెట్టి బిగించాడు.

"ఏం బావా, జీపా, తిరణాల రంగులరాట్నమా?" అని ఎదురింటి మావయ్య ఒకటే నవ్వు. బండి కంపెనీవాడే చేయాలని ఎవడు రాసిపెట్టాడు? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది.

ఆ మాఘంలో వానపడి డొంకంతా బురదైంది. కల్లాల్లో టార్పాలిన్ పట్టాల కింద ఊరందరి మిర్చి, పైన మళ్లీ మబ్బు. తడిస్తే ఏడాది కష్టం బూజే. మావయ్య కొత్త ట్రాక్టర్ ఇరుసుదాకా దిగబడింది. మా జీపు బురద చిమ్ముకుంటూ దాన్ని దాటేసింది!

నాన్న బండి ఆపి గొలుసు విసిరాడు. "కట్టు బావా, ముందు నీ మిరపకాయ తెద్దాం."

చినుకు పడేసరికి మా జీపు తిరిగి తిరిగి ఊరందరి మిర్చీ ఇళ్లకి చేర్చేసింది.