షేర్ ఆటోల ఖగోళ శాస్త్రవేత్త

కోరుట్ల బస్టాండు బయట మెట్‌పల్లికి పోయే షేర్ ఆటోల కాడ నిలవడి మొండయ్య గౌడ్ ఎవరంటె ఎవ్వలు చెప్పరు. సుక్కల మొండన్న అనాలె. సుక్కలంటె మందు సుక్కలు అనుకునేరు, ఆకాశంల సుక్కలు. తాతతండ్రుల నుంచి వచ్చింది మాత్రం ఆ మొదటి సుక్కనే.

ముందుగాల ఇద్దరు పిల్లలు పుట్టి పోతె, మూడోవాడు మొండిగ బతకాలని తల్లి ఆ పేరు పెట్టింది. పన్నెండేండ్లకే నడుముకు మోకు కట్టుకొని తాడెక్కుడు నేర్చిండు. ఏడో తరగతి లెక్కల పరీక్షనాడు నాయినకు జరమొస్తె చెట్లు గీయవోయిండు. దిగేసరికి పరీక్ష అయిపోయింది, సదువూ అయిపోయింది. ఆ తర్వాత రోడ్డు పక్క తాటివనాన్ని ఎవరో కొని ప్లాట్లు జేసిండ్రు. చెట్లు కొట్టేసి హద్దురాళ్లు పాతిండ్రు. హద్దురాయిని ఎంత గీసినా కల్లు రాదు గదా. అప్పటికే వాడకట్టుల సగం మంది మొగోళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయున్నరు. మొండయ్య గూడ ఏజెంటును పట్టుకున్నడు.

ఏజెంటు హోటల్ల పని అన్నడు. అబద్ధమేం గాదు, హోటలే. గోడలే లేవు. దుబాయి నుంచి రెండు గంటలు పోతె ఎడారి, ఆ ఎడారిల గుడారాలు. మాపటేళ జీపులల్ల తెల్లోళ్లు వస్తరు, ఒంటె ఎక్కుతరు, మాంసం తింటరు, ఆఖర్న ఇసుకదిబ్బ మీద పెట్టిన టెలిస్కోపుల సుక్కలు చూసి, అబ్బ అనుకుంట పోతరు. మొండయ్యది గిన్నెలు తోముడు, ఒంటెల పెండ తీసుడు.

టెలిస్కోపు కాడ ఈజిప్టు నుంచి వచ్చిన ఒక మిస్రీ ముసలాయన ఉండె. వాళ్ల దేశంల బళ్లె సైన్సు చెప్పి రిటైరై, కడుపు కోసం ఈడికొచ్చిండు. మోకాళ్లు అరిగి దిబ్బ ఎక్కలేకపోయేది. కల్లు లొట్లు మోసిన నడుముకు ఆ గొట్టం ఒక బరువా? మొండయ్య దాన్ని భుజాన ఏసుకొని ఎక్కిచ్చేది, దించేది. దానికి బదులుగ ముసలాయన ఒకనాడు ఆయన్ని వంగి చూడుమన్నడు. పళ్లెం నడుమ గుండు ఇరికిచ్చినట్టు ఏదో కనవడ్డది. అది శనిగ్రహం అన్నడు ముసలాయన. మొండయ్య నమ్మలేదు. అద్దానికి బొమ్మ అతికిచ్చి తెల్లోళ్లను మోసం జేస్తున్నడనుకొని, గిన్నెలు తుడిచే బట్ట తోటి ముంగటి అద్దం పరపర రుద్దిండు. శని అట్లనే ఉన్నది. ముసలాయన అరబీల తిట్టిన తిట్లల్ల సగం మొండయ్యకు ఇప్పటికీ నోటికొస్తయి.

తిట్టినోడే తర్వాత గురువైండు. సగం హిందీ, పావు అరబీ, పావు ఇంగ్లీషు కలిపి నాలుగేండ్లు నేర్పిండు. ఏ గ్రహం ఏ నెలల ఎటు దిక్కు తేలుతదో, సుక్కకూ గ్రహానికీ తేడా ఏందో, ఎవరన్న అడిగింది తెల్వకపోతె తెల్వదనే ఎందుకనాల్నో చెప్పిండు. ఈ ఆఖరుది మొండయ్యకు చాన కష్టమైంది. పుట్టినప్పటి సంది ఎవ్వల ముంగట తెల్వదన్న పాపాన పోలేదు.

ముసలాయన కండ్ల ఆపరేషన్ కని దేశం పోయి మళ్ల రాలేదు. మేనేజరు కొత్తోన్ని తెచ్చుడు ఎందుకని, ముసలాయన ఇడిచిన నల్లకోటు మొండయ్యకు తొడిగి, మెడల ‘ఆస్ట్రానమర్’ అని ఇంగ్లీషు బిళ్ల ఏసిండు. బిళ్ల మీద ఆస్ట్రానమరే గని, జీతం కాగితం మీద క్లీనరే. ఇంకో ఏడేండ్లు మొండయ్య పొద్దంత గిన్నెలు తోమి, మాపటికి కోటేసుకొని తెల్లోళ్లకు శనిని చూపెట్టిండు.

కరోనా వచ్చింది, తెల్లోళ్లు రాలేదు. క్యాంపు మూతవడ్డది. మేనేజరు చేతులెత్తేసి, గుడారాలల్ల ఏమున్నయో తీస్కపోండ్రి అన్నడు. ఒకడు కూలరు ఎత్తుకున్నడు, ఒకడు పరుపులు చుట్టుకున్నడు. మొండయ్య టెలిస్కోపు ఎత్తుకున్నడు.

ఇంటికొచ్చిన్నాడు పెద్ద డబ్బ చూసి టీవీ అనుకొని వాడకట్టంత జమైంది. పెండ్లాం నర్సవ్వ తానే డబ్బ కోసింది. గొట్టం బయటికి తీసి, ఇది బోరుబాయి పైపా అని అడిగింది. మొండయ్య గర్వంగ, దీంట్లకెళ్లి శని కనవడ్తదన్నడు.

"పదకొండేండ్లు పట్టి పీడిచ్చింది సాలదా?" అన్నది నర్సవ్వ. "దాన్ని డబ్బల వెట్టుకొని ఇంటికే తెచ్చినవా?"

గొట్టం సజ్జెక్కింది. దాని మూడుకాళ్ల స్టాండు మీద నర్సవ్వ మిరపకాయల చాట పెట్టింది. మొండయ్య ఆటో కొనుక్కున్నడు. అద్దం కాడ కొండగట్టు అంజన్న పటం, దాని కింద ఆ ఇంగ్లీషు బిళ్ల ఏలాడదీసిండు.

ఆ బిళ్లనే ఒకనాడు మార్కండేయులు సార్ చూసిండు. ఆయన ఓ సర్కారు బడికి హెడ్మాస్టరు, సొంతూరు సిరిసిల్ల. బళ్లె సైన్సు మేళా పెట్టుకున్నడు. హైదరాబాదు నుంచి వస్తనన్న శాస్త్రవేత్త ముందు కారు పంపుమన్నడు, తర్వాత ఏసీ కారు పంపుమన్నడు, ఆఖరికి మీటింగున్నదని ఫోన్ పెట్టేసిండు. ఆ మంట మీద ఆటో ఎక్కిన సార్‌కు కండ్ల ముంగట బిళ్ల ఊగింది. ఇదేందని అడిగితె మొండయ్య చెప్పిండు. మెట్‌పల్లి వచ్చేదాంక చెప్తనే ఉన్నడు. శనిలెక్క చాన ఉంగరాలు పెట్టుకున్న ఒక పసుపు యాపారి నడుమల దిగిపోవాల్సినోడు, ఇనుకుంట మెట్‌పల్లి దాంక వచ్చిండు. దిగేటప్పుడు సార్, రేపటి మేళాకు రావాలన్నడు. సదువు గురించి సార్ అడగలేదు, మొండయ్య చెప్పలేదు.

స్టాండు మరలు వదులైనయని మొండయ్య మెకానిక్ నజీర్ కాడికి పోయిండు. నజీర్ బిడ్డ తరన్నుమ్ ఆ బళ్లెనే తొమ్మిదో తరగతి. మరలు బిగిచ్చేంతసేపు ఆ పిల్ల గొట్టం ముట్టకుంట దాని చుట్టు మూడుమాట్ల తిరిగింది.

తెల్లారి మొండయ్య ఎడారిల ఇచ్చిన నల్లకోటేసుకొని బడికి పోయిండు. పొట్ట కాడ గుండీలు పట్టలేదు. దుబాయిల పదకొండేండ్లు పనిజేసిన ఖగోళ శాస్త్రవేత్త అని మైకుల సార్ పరిచయం జేసిండు. ఒక్క ముక్క గూడ అబద్ధం గాదనుకొని మొండయ్య మైకు అందుకున్నడు.

మొదట సైన్సు టీచర్ చీటీలు రాసిచ్చిన పిల్లలు లేచిండ్రు. గ్రహాలెన్ని, పెద్దదేది, వేడి దేనిమీద ఎక్కువ. మొండయ్య టపటప చెప్పిండు. ఒక పిల్లగాడు చీటీ మడిచి జేబుల ఏసుకొని, శని నిజంగ పడ్తదా సార్ అని అడిగిండు. తను ఏడేండ్లు శని కనవడ్డ ప్రతి మాపు దాని కండ్లల్ల కండ్లు పెట్టి చూసిన్నని, అది తనని ఒక్కనాడు ఏమనలేదని, తనకు పట్టిన శని జగిత్యాల నుంచి ఏజెంటు రూపంల వచ్చిందని చెప్పిండు మొండయ్య. పిల్లలు ఎగిరెగిరి నవ్విండ్రు. శనివారం నూనె పోసొచ్చిన తెలుగు పంతులు మాత్రం కిటికీ దిక్కు చూసిండు.

ఇగ చీటీలు పోయినయి, సొంత ప్రశ్నలు మొదలైనయి. ఆ బళ్లె సగం ఇండ్లల్ల తండ్రులు గల్ఫుల ఉంటరు. దూరపు లోకమంటె వాళ్లకు తెలిసింది అదొక్కటే. అంగారకుని మీదికి పోతె ఎన్నేండ్లకు సెలవిస్తరు అని ఒకరు, రూముకు ఎంతమందిని ఏస్తరు అని ఒకరు, పాస్‌పోర్టు కంపెనోళ్లే పెట్టుకుంటరా అని ఇంకొకరు. పోనీకె ఏడెనిమిది నెలలు పడ్తది, వచ్చుడు గూడ అంతే, ఇప్పటిదాంక మనిషి ఎవ్వడు పోలేదు, అందుకని ఏజెంట్లు గూడ ఇంక దుకాణం తెరవలేదు అని మొండయ్య ఒక్కొక్కటి చెప్పుకుంట పోయిండు.

గప్పుడు ఎనకబెంచిల నుంచి కల్పన అనే పిల్ల లేచింది. "సార్, గక్కడ సచ్చిపోతె శవం ఎన్ని రోజులకు పంపిస్తరు?"

ఆ పిల్ల తండ్రి రియాద్‌ల పడుకున్నోడు పడుకున్నట్టే పోయిండు. రూమోళ్లు డ్యూటీ దిగి వచ్చి చూసేదాంక ఎవరికీ తెల్వదు. పెట్టె ఇంటికొచ్చేసరికి రెండు నెలలు దాటింది. హెడ్మాస్టరు లేచి, ఆ ప్రశ్న ఇడిచిపెట్టు, వేరేటోళ్లు అడుగుండ్రి అన్నడు. మొండయ్య మైకు పక్కకు పెట్టిండు.

"ఇడిచిపెట్టద్దు సార్. మంచిగనే అడిగింది," అన్నడు. ఆ పిల్ల దిక్కు తిరిగి, "అది నాకు తెల్వది బిడ్డ. గని ఒకటి తెల్సు. రాకెట్టెక్కి పైకి పోయినోళ్ల గుండె ఎట్ల కొట్టుకుంటుందో కిందికెళ్లి డాక్టర్లు చూస్తనే ఉంటరు. జర తేడా వస్తె ఆ నిమిషమే తెలుస్తది. మీ నాయిన గుండెను సూడనీకె ఎవ్వలు లేకుండె. రియాద్ దూరమై గాదు బిడ్డ, మన పాణం ధర అగ్గువై."

కల్పన కూసున్నది. ఏమన్న అనుకున్నదో లేదో మొహం చూస్తె తెల్వలేదు. మొండయ్య నీళ్లు తాగిండు.

ఆఖరుకు తరన్నుమ్ లేచింది. గీ పని జెయ్యాల్నంటె ఏం సదువాలె సార్, మీరేం సదివిండ్రు అని అడిగింది. మొండయ్య హెడ్మాస్టరు మొహం చూసిండు, కోటు చూసుకున్నడు. తెల్వకపోతె తెల్వదనాలె అన్న ముసలాయన మాట యాదికొచ్చింది.

"నేను ఏడో తరగతి ఫెయిలు బిడ్డ. గీ పనికి ఏం సదువాల్నో నాకు తెల్వది."

మార్కండేయులు సార్ మొహం నూలు కండె అయిపోయిన మగ్గంలెక్క ఆగిపోయింది. ముందు బెంచిలోళ్లు నవ్విండ్రు, తర్వాత అందరు నవ్విండ్రు, సైన్సు టీచరైతె కండ్లు తుడుసుకునేదాంక నవ్విండు. ఆ గడబిడల మొండయ్య కోటు ఇప్పి కుర్చీకేసి, గొట్టం ఎత్తుకొని మైదానంలకు పోయిండు. పున్నమి పోయి ఎనిమిది రోజులైంది, పడమటి దిక్కు సగం చందమామ పొద్దుగాల పదింటికి గూడ తెల్లగ కనవడ్తున్నడు. పగటిపూట చందమామ ఏందని నవ్వినోళ్లే లైను కట్టిండ్రు. ఒకరు అమ్మోరు పోసినట్టున్నదన్నరు, ఒకరు గుంతలు చూసి మెట్‌పల్లి రోడ్డన్నరు. తెలుగు పంతులు రెండుమాట్ల చూసిండు. కల్పన లైన్లకు రాలేదు. పిలుద్దామని సార్ అంటె, వద్దన్నడు మొండయ్య.

కోపానికి వస్తడనుకున్న హెడ్మాస్టరు మాపటికి చాయ్ తాపిండు. వచ్చిన శాస్త్రవేత్త ఫెయిలైనోడే గని, రాని శాస్త్రవేత్త కన్న నయమన్నడు.

తరన్నుమ్ అడిగిన ప్రశ్న మాత్రం మొండయ్యను పొడుస్తనే ఉన్నది. నాలుగు రోజులాగి ఆటో నర్సవ్వ తమ్మునికి అప్పజెప్పి, బస్సెక్కి జగిత్యాల డిగ్రీ కాలేజీకి పోయిండు. వాచ్‌మన్ ఏ పిల్లగాని తండ్రివని అడిగిండు. ఏ పిల్లగాని తండ్రిని గానన్నడు. ఫిజిక్సు చెప్పే లత మేడం గంటసేపు నిలవెట్టి, ఇనంగ ఇనంగ కుర్చీ ఏసి, ఆఖరుకు తన టిఫిన్ల సగం పెట్టింది. ఇంటర్ల ఎంపీసీ తీసుకోవాలె, డిగ్రీల ఫిజిక్సు, ఆ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అని వరుసగ చెప్పింది. అందరు పైకి పోయేటోళ్లే ఉండరు, రాకెట్టుకు వెల్డింగు జేసేటోళ్లు కావాలె, మరలు బిగిచ్చేటోళ్లు కావాలె, పైన ఏసుకునే బట్టలు కుట్టేటోళ్లు గూడ కావాలె అన్నది. మొండయ్య అన్ని రాసుకున్నడు. పీహెచ్‌డీని ఆయన పీయచ్చిడి అని రాసిండు.

ఆ కాగితం నజీర్ దుకాణంల చదివి ఇనిపిచ్చిండు. నజీర్ చేతులు తుడుసుకుంట, ఆడపిల్లకు సుక్కల లెక్క ఎందుకు మొండన్న అన్నడు. మరలు బిగిచ్చేటోళ్లు గూడ కావాల్నట భాయ్, పిల్ల నీ చేతి కిందనే పెరిగింది గదా అన్నడు మొండయ్య. నజీర్ ఆ కాగితం తీసుకొని మడిచి జేబుల పెట్టుకున్నడు. రెండేండ్ల తర్వాత తరన్నుమ్ జగిత్యాలల ఎంపీసీల చేరింది. మొదటి ఏడు మ్యాథ్స్ గండం దాటనీకె ఏడ్చింది, దాటింది. కల్పన పదో తరగతి కాంగనె ఇంటర్ల నర్సింగు కోర్సుల చేరింది. ఎందుకో ఎవ్వలు అడగలేదు.

మస్కట్ దిక్కు కొత్త క్యాంపుల సుక్కలు చూపెట్టే పని ఉన్నదని ఏజెంటు మళ్ల ఫోన్ జేసిండు. నర్సవ్వ ఫోన్ గుంజుకొని, మా ఆయన ఇప్పుడు జగిత్యాల కాలేజీల తిరుగుతున్నడు, పెద్దపెద్దోళ్లు కుర్చీ ఏస్తున్నరు, నీకు దొరకడు అని పెట్టేసింది. మిరపకాయలకు ఆమె వేరే బల్ల కొనుక్కున్నది.

మార్కండేయులు సార్‌కు సిరిసిల్లకు బదిలీ అయింది. పోయినంక మొండయ్యను పిలిచిండు. మొండయ్య గొట్టం ఎనక సీటుకు కట్టుకొని ఆటోలనే పోయిండు. ఇప్పుడు కోటెయ్యడు. నేను ఆటో నడుపుతా, తెలిసింది చెప్తా, తెల్వంది రాసుకొని పోతా అని ముందే చెప్తడు.

అక్కడి పిల్లల తల్లిదండ్రులు పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల డ్యూటీలు జేసేటోళ్లు. శుక్రగ్రహం తన చుట్టు తాను ఒక్కమాటు తిరిగేసరికి దాని ఏడాది దాటిపోతదని మొండయ్య చెప్పంగనె, నీల అనే ఆరో తరగతి పిల్ల చెయ్యి లేపింది. అయితె మా నాయిన గక్కడ డ్యూటీ ఎక్కితె ఎన్నడు దిగుతడు సార్ అన్నది. పక్కలోళ్లు నవ్విండ్రు గని ఆ పిల్ల నవ్వలేదు, జవాబు కోసం నిలవడే ఉన్నది.

శుక్రుని మీద వద్దు బిడ్డ అన్నడు మొండయ్య. గురుగ్రహం మీద పగలు రాత్రి కలిపినా పది గంటలకే దినం ఒడుస్తదన్నడు.

నీల వేళ్ల మీద, సగం దినం డ్యూటీ అంటె అయిదు గంటలేనని లెక్కగట్టుకున్నది. "అయితె సార్, మగ్గాలు గక్కడ పెట్టియ్యుండ్రి."