మా ఇంటి బర్నీలో సముద్రం

మా చిన్నప్పుడు... వరంగల్లో, నీళ్లంటే బావీ చెరువూ తప్ప తెలియని మా ఇంట్లో, ఒక సముద్రం ఉండేది. నమ్మరా? మిఠాయి కొట్టు గాజు బర్నీ నిండా ఉండేది!

నిజాం జమానా అది. మా బాపు జంపఖానాల నూలుకు రంగులు వేసేవాడు. చిన్నాయనది కాజీపేటలో రైల్వే నౌకరీ. మా నాయనమ్మకేమో పోయేలోపు ఒక్కసారి సముద్రం చూడాలని కోరిక... కానీ రైలంటే వణుకు. "గంత ఉరుకుడు బండిల నేను కూసోను బిడ్డా" అనేది. చిన్నాయన పాసు తెచ్చినప్పుడల్లా ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యేవి.

చివరికి విసిగిపోయి, చిన్నాయన మద్రాసు నుంచి సముద్రాన్నే పట్టుకొచ్చాడు. రెండు కూజాల ఉప్పునీళ్లు, మూటెడు ఇసుక, శంఖంలో కాపురం పెట్టిన బుల్లి ఎండ్రకాయ ఒకటి!

అన్నీ బర్నీలో సర్ది, నీళ్లు ఉన్న ఎత్తున బయట ఒక ఎర్ర నూలుపోగు కట్టాడు. "నీళ్లు గీ దారం కిందికి దిగొద్దు. జర పైలంగ చూస్కోండ్రి" అని చెప్పి డ్యూటీకి పోయాడు.

నాయనమ్మ మొదట చేసిన పని... వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం. "సముద్రం గిట్లుంటదా!" అని మురిసిపోయింది. ఆ వెంటనే హుకుం జారీ చేసింది. "గది మనింటికొచ్చిన సుట్టం. సుట్టం మనింట్ల సావొద్దు!"

ఇక ఇల్లంతా దానికే చాకిరీ. గిన్నెతో నీళ్లు పైకెత్తి పోయడం నా పని, చాయ్ చల్లార్చినట్టు... లేకపోతే దానికి గాలి ఆడదట. రోజూ గోరంత ఎండురొయ్య ముక్క వేసేవాళ్లం. అది తిని, శంఖం మోసుకుంటూ బర్నీ అంతా షికారు చేస్తుంటే, నాయనమ్మ నూలు కండెలు చుట్టడం మానేసి చూస్తూ కూర్చునేది.

ఎండాకాలం వచ్చింది. వరంగల్ ఎండలు తెలుసుగా... నీళ్లు దారం కిందికి దిగసాగాయి. బాపు తనకు తెలిసిన పనే చేశాడు. రంగు కాగులో నూలు ముంచి తీసినప్పుడల్లా రంగు పట్టాలని, తగ్గిన మేరకు ఉప్పు కలిపిన నీళ్లు పోస్తారు కదా, బర్నీలోనూ అలాగే రోజూ ఉప్పునీళ్లు కలిపి దారం దాకా పోశాడు. ఎంత శ్రద్ధగా పోశాడనుకున్నారు!

ఒకరోజు ఎండ్రకాయ శంఖంలోంచి బయటికి రాలేదు. మర్నాడూ రాలేదు. వేసిన రొయ్య ముక్క అలాగే పడి ఉంది. నేను ఏడుపు లంకించుకున్నాను. నాయనమ్మ వచ్చి బర్నీలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, థూ అని ఉమ్మింది.

"గిది సముద్రం గాదురా, తొక్కు ఊట! ఎవలు వోసిండ్రు ఉప్పు?"

"నేనే అవ్వా... కాగుల వోసినట్టే వోసిన," అన్నాడు బాపు.

"నూలైతే ఉప్పు పట్టుకపోతది. ఎండ నీళ్లు తాగుతది గని ఉప్పు తాగుతదారా? చారు మరిగి చిక్కవడితె ఏం వోస్తం, నీళ్లా ఉప్పా?"

బాపు మొహం చూడాలి అప్పుడు! అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఆ పూట నుంచి ఉప్పునీళ్లు కాస్త తీయడం, బావినీళ్లు కాస్త పోయడం... ఒక్కసారిగా పోస్తే సుట్టం బెదురుతుందని చెంబుతో కాదు, ఉగ్గుగిన్నెతో! పోసినప్పుడల్లా నాయనమ్మ నాలుకే తూకం. నాకైతే భయంతో అన్నం సహించలేదు.

ఓ పొద్దున శంఖం కింద నుంచి ఒక కాలు... ఇంకో కాలు... "ఒచ్చింది నాయినమ్మా, ఒచ్చింది!" అని నేను అరిచిన అరుపుకి బాపు కాగు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి, రంగు చేతులతోనే నన్ను ఎత్తుకున్నాడు. నా లంగా మీద ఆ పచ్చ మరక పోనేలేదు.

నాయనమ్మ మాత్రం చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ వారం చిన్నాయన ఇంటికి రాగానే, "దీన్ని దానింట్ల తోలిరావాలె. నేనే పోత" అంది.

"రైలెక్కాలె గద అవ్వా?" చిన్నాయన నమ్మలేదు.

"గింతంత పురుగు ఎక్కి రాంగ లేంది, నేనెక్కలేనా?"

ఎక్కింది! మద్రాసు దాకా బర్నీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకునే కూర్చుంది. పక్కన నేను, చిన్నాయన. తీరంలో మోకాలి లోతు నీళ్లలో వంగి ఎండ్రకాయని వదిలింది. అది కనీసం వెనక్కి కూడా చూడలేదు. నాయనమ్మ అంత సముద్రం ముందు నిలబడి... వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

"సరిపోయింది," అంది. "మన బర్నీల ఉన్నంతనే."

ఇప్పుడు మా మునిమనవడు సముద్రపు చేపలకి పెద్ద గాజు తొట్టి పెట్టాడు. గాలికి మిషన్, ఉప్పు చూడ్డానికి మీటర్... నేను వేలు పెట్టబోతే "తాతమ్మా, టచ్ చేయొద్దు!" అంటాడు. వాడు చెప్పేదీ నిజమే, చేపలు హాయిగా ఉన్నాయి. కానీ ఆ నీళ్ల రుచి ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు... అదే నా దిగులు.

మీ ఇళ్లలో మొట్టమొదట సముద్రం చూసింది ఎవరు? చూసి ఏమన్నారు?