తుడవని తమ్మిలేరు

పందొమ్మిది వందల ముప్పైల్లో నేను ఏలూరులో మిషన్ ట్రైనింగు స్కూల్లో చదివేదాన్ని. టీచరు పని దొరకాలంటే డ్రాయింగులో కూడా పాసవ్వాలి. పాసు చేసేది మా డ్రాయింగు మేష్టారు. పెద్దమనిషే, కాదనను. కాకపోతే బొమ్మలో కుంచె జాడ కనబడితే ఆయనకు ఒళ్ళు మండేది. వేయడం పూర్తయ్యాక తడిగుడ్డతో అద్ది, రంగంతా నునుపు చేసి ఇవ్వాలి. అందుకే మా క్లాసులో అందరి నదులూ ఒకే నీలం, ఒకే నిద్ర.

నాకు తెలిసిన ఏరు తమ్మిలేరు. ఏడాదిలో సగం ఉత్త ఇసుకే. మెట్టలో వానలు పడ్డాయా, అక్కడి ఎర్రమన్నంతా కోసుకుంటూ వచ్చి కొల్లేట్లో పడుతుంది. దాన్ని నీలంగా, నునుపుగా వేయమంటే నాకు చేతకాదు, ఇష్టమూ లేదు. పరీక్ష రోజున గోడలకు పూసే ఎర్ర జాజులో తుమ్మజిగురు కలిపి, గట్టి కుంచెతో బరబరా వేశాను. నీళ్ళు ఎటు తోసుకుపోతాయో కుంచె అటే పోయింది.

మేష్టారు చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఏవమ్మా, ఇది ఏరా? పేడతో అలికినట్టుంది!"

క్లాసంతా నవ్వింది. మాది దెందులూరు పక్క పల్లె. ఆదివారం ప్రార్థనకని అమ్మ శనివారమే ఇల్లు అలికేది. నేల మీద వేళ్ళు తిప్పిన చంద్రవంకలు వరసగా కనబడాలి. కనబడకపోతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెదవి విరిచేవాళ్ళు.

"అవునండి, అలికినట్టే వేశానండి. మా ఇళ్ళల్లో వేళ్ళ జాడ కనబడితేనే అలికినట్టు లెక్కండి," అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. తడిగుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"తుడిచి ఇచ్చెయ్యమ్మా, పాసు చేస్తాను. లేదంటే నా చేతుల్లో ఏమీ లేదు."

అంతా ఆయన చేతుల్లోనే ఉంది! ఆ మాటకే నాకు ఇంకా కోపం వచ్చింది. నాకు ఉద్యోగం వస్తే కూలి మానేద్దామని అమ్మ ఎదురుచూస్తోంది. అది తెలిసే ఆ గుడ్డ తీసుకున్నాను. దాంతో కుంచె శుభ్రంగా తుడుచుకుని, బొమ్మను ఉన్నదున్నట్టు ఆయన చేతిలో పెట్టాను.

ఫెయిలు చేశారు. అమ్మ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. మరుసటి తొలకరికి ఆవిడ పక్కనే వంగి నాట్లేశాను. సాయంత్రానికి నడుం పడిపోయేది. ఒక్కసారి తుడిచి ఉంటే పోయేదిగా, బాధ అనిపించలేదా అని ఇప్పటికీ అడుగుతుంటారు.

ఎందుకనిపించదు? ఆ ఎరుపు ఇంకాస్త మందంగా వేసి ఉండాల్సింది.