తీగలు కలిసిన చోటు

ఫ్రీడెన్ ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే పాస్టరు గారికంటె ముందు ఆల్వినా టీమన్‌కు కబురు వెళ్ళేది. పోయినవారి ఆత్మ సంగతి పాస్టరు చూసుకునేవాడు. శరీరం ఎక్కడ విశ్రమించాలో తేల్చవలసినది మాత్రం ఆల్వినాయే.

ఊరికి ఉత్తరాన, మొక్కజొన్న చేల నడుమ, కాస్త మెరకగా ఉన్న నేలను అందరూ గుట్ట అనేవారు. ఊరు కట్టిన తొలితరం జర్మను రైతులు తమవారిని అక్కడే పాతిపెట్టి, తలవైపు చెక్క శిలువలు నాటారు. ఒక ఎండాకాలం గడ్డికి నిప్పంటుకుని ఆ శిలువలన్నీ బూడిదయ్యాయి. నాటినుంచి పాత వరుసలలో ఎవరెక్కడ ఉన్నారో మట్టికి తప్ప మరెవరికీ తెలియదు. ఆ మట్టిని అడగడానికి ఆల్వినా దగ్గర రెండు ఇత్తడి తీగలుండేవి.

అవి ఆమె తండ్రి వంచినవి. పిడికిట వదులుగా పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, గాలికి అడ్డంగా మెల్లగా నడవాలి. కింద మనిషి ఉన్నచోట తీగలు వాటంతట అవే లోపలికి తిరిగి ఒకదానిమీద ఒకటి వాలుతాయి. మనిషిని దాటగానే విడిపోతాయి. జడలు వేసుకునే వయసులోనే తండ్రి వెంట గుట్టకు వెళ్ళి నేర్చుకున్నది. ఆ తరువాత హార్లన్‌ను పెళ్ళాడింది, ఆవులను పితికింది, చావు భోజనాలకు పందిమాంసపు రొట్టెలు చేసింది, ఆదివారాలు గుడిలో పాడింది. తీగలను మాత్రం విడువలేదు. "మన ఇంట్లో ఆకాశం సంగతి నాది, నేల సంగతి నీది" అని హార్లన్ మబ్బులకేసి చూస్తూ నవ్వేవాడు.

తీగలు చెప్పినదానిని ఆమె ఇనుప చువ్వతో సరిచూసుకునేది. ఒకసారి తవ్విన నేల ఎన్నేళ్ళు గడిచినా చువ్వను లోపలికి రానిస్తుంది. తవ్వని నేల జానెడు లోతులోనే నిలువరిస్తుంది. అన్నేళ్ళలోనూ తీగలకూ చువ్వకూ మాట తేడా వచ్చింది లేదు. తీగలు కలిసిన చోట పలుగు దిగరాదన్నది ఆమె పెట్టిన కట్టడి. దానికి ఊరంతా తలవంచింది, ఇర్మా డీర్క్స్ తప్ప.

ఇర్మా ఆల్వినాకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె భర్త ఆర్విల్‌ను వాళ్ళ పెద్దల వరుసలో పాతిపెట్టినప్పుడు, అతని పక్కన ఇర్మా కోసం అట్టేపెట్టిన చోట తీగలు కలిశాయి. చువ్వ వెన్నలోకి దిగినట్టు దిగింది. ఇర్మాకు కంచెపక్కన వేరే చోటు చూపవలసి వచ్చింది.

"ఇన్నేళ్ళూ ఆయన గురక వింటూ పడుకున్నదాన్ని. ఇప్పుడు కంచెపక్కన పడుకుని మొక్కజొన్న గలగలలు వినమంటావా?"

"ఎవరో ఉన్నారు, ఇర్మా."

"ఎవరో! ఆ ఎవరో పేరేమిటో కూడా అడగలేకపోయావా నీ తీగల్ని?"

నాటినుంచి గుడిలో ఆరాధన ముగిశాక ఇర్మా అందరికీ కాఫీ పోసేది. ఆల్వినా వంతు వచ్చేసరికి ఆమె కూజా ఖాళీ అయ్యేది.

ఈ వసంతంలో హార్లన్ పోయాడు. పాత వరుసల అంచున టీమన్‌ల చోటు. ఆనాడు ఆల్వినా అతని చోటు మాత్రమే నడిచింది. పక్కన తన చోటు నడవడానికి కాళ్ళు రాలేదు. అక్టోబరులో సమాధి రాయి వచ్చింది. ఇద్దరి పేర్లూ ఒకే రాతిమీద చెక్కి ఉన్నాయి. ఆమె పేరు కింద పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆపైన నున్నటి ఖాళీ. ఊళ్ళో అది మామూలే. భర్త పోయిన ఆడవాళ్ళు తమ పేరున్న రాయి ముందు పువ్వులుంచి, ఇంటికెళ్ళి బంగాళాదుంపలు చెక్కుతారు.

రాయిని నిలబెట్టడానికి హార్లన్ మేనల్లుడు వెర్లిన్ సిమెంటు కలుపుకుని సిద్ధంగా ఉన్నాడు. కోతల కాలం కావడంతో ధాన్యం ఆరబెట్టే పంకాల హోరు పగలూ రాత్రీ ఊరిని కప్పి ఉంది. తూర్పున నేల అంచుమీద రాష్ట్ర రాజధానిలోని శాసనసభ గోపురం, దాని నెత్తిన విత్తనాలు చల్లే మనిషి బొమ్మ, పొట్టు ధూళిలో మసకగా కనిపిస్తున్నాయి.

ఆల్వినా తీగలు పట్టి నడిచింది. హార్లన్ మీద కలిశాయి. అతన్ని దాటినా విడిపోలేదు.

వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. తన పేరు నిలవవలసిన చోట, తీగలు కట్టేసినట్టు ఒకదానిమీద ఒకటి ఉండిపోయాయి. చువ్వ తీసి గుచ్చింది. జానెడు దిగి ఆగింది. పక్కకు జరిపి గుచ్చింది. ఆగింది. ఎన్నడూ ఎవరూ తవ్వని నేల అది.

"అత్తా, పోసెయ్యనా? ఇంకాసేపుంటే ఈ సిమెంటు బండిలోనే రాయైపోతుంది. అప్పుడు మావయ్య పేరు నా బండిమీద రాయించుకోవాలి" అన్నాడు వెర్లిన్.

చువ్వను నమ్మితే హార్లన్ పక్కన చోటు తనది. తీగలను నమ్మితే తనకూ కంచే. పరాయివాళ్ళకు పెట్టిన కట్టడిని తనదాకా వచ్చేసరికి సడలిస్తే, ఇర్మా ముఖం ఏనాడైనా చూడగలదా?

"ఆగు. ఇర్మాని తీసుకొస్తాను."

"ఇర్మానా? ఒంట్లో బాగానే ఉందా అత్తా నీకు?"

ఇర్మా వంటింట్లో క్యాబేజీ కూరిన రొట్టెలు పొయ్యిలోంచి తీస్తోంది. గుమ్మంలో ఆల్వినాను చూసి చేతులు నడుముకు ఆనించింది.

"ఏం, నన్ను ఇంకా దూరం జరుపుతావా? కంచె దాటితే పరాయివాడి చేను. కౌలు అడుగుతాడు మరి."

"నా చోట్లో తీగలు కలిశాయి."

ఇర్మా ముఖంలోకి సంతోషం రావడమూ, వచ్చినది నిలవకపోవడమూ ఆల్వినా చూసింది.

"చువ్వ?"

"దిగలేదు."

"అయితే చువ్వనే నమ్ము. నాతో చెప్పడమెందుకు?"

"నువ్వు నడిచి చూడు. నీ చేతుల్లోనూ కలిస్తే నేనూ కంచె దగ్గరికే వస్తాను."

"భలే! చచ్చాక కూడా నా పక్కన నువ్వేనా?" అంటూనే ఇర్మా కోటు అందుకుంది.

గుట్టమీద ముందు హార్లన్ మీదుగా నడిపించింది ఆల్వినా. తీగలు తిరిగేసరికి ఇర్మా ఉలిక్కిపడింది. "అమ్మో! ఎవరో మణికట్టు పట్టుకు తిప్పినట్టుందే!" తరువాత పక్క చోటు. తీగలు విడిపోయి తిన్నగా నిలిచాయి. మరొకసారి నడిచింది, కదలలేదు. ఆల్వినా తీసుకుని నడిచింది, కలిశాయి. తిరిగి ఇర్మా, తిన్నగా నిలిచాయి.

ఇర్మా తీగలు పట్టుకుని ఎవరూ చెప్పకుండానే ఆర్విల్ వరుసకు వెళ్ళి, ఒకనాడు తనదనుకున్న చోట అడుగుపెట్టింది. తీగలు కలిశాయి. రెండడుగులు వేసిందో లేదో విడిపోయాయి. ఆ కాస్త మేరనూ ఆమె కంటితో కొలిచింది.

"చిన్నది. పసిబిడ్డేమో" అంది చివరకు.

"అయివుంటుంది."

"ఆయనకు పిల్లలంటే ప్రాణం. మాకు లేకపోయె." ముక్కు తుడుచుకుంది. "పోనీలే, ఉండనీ."

మెల్లగా తిరిగి వచ్చి, రాతిమీద ఆల్వినా పేరు కింది ఖాళీని చూసింది. "ఇక్కడ ఎవరూ లేరు, ఆల్వినా. నీ చేతులకు మాత్రమే..."

ఆ మాట పూర్తి కాలేదు. అదే క్షణాన ఊళ్ళో పంకాలు ఆగిపోయాయి. వారాలుగా వింటున్న హోరు తెగిపోయి, ఎండు మొక్కజొన్న ఆకుల గరగర ఒక్కటే మిగిలింది. వెర్లిన్ ఊరివైపు చూసి, "కరెంటు పోయినట్టుంది" అని, "ఏం తేలింది అత్తా?" అన్నాడు.

ఆల్వినా హార్లన్ పేరు చూసింది. తన పేరు చూసింది. ఆమె అడిగినది ఇంతే కదా, అతని పక్కన చోటు. ఎప్పటికి అన్నది ఆమె అడగలేదు. తీగలు అదీ చెప్పాయి, ఎంతో దూరం లేదని.

"ఖాళీయే. పోసెయ్" అంది.

రాయి నిలిచాక ఆమె తీగలను తిరిగి తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. తవ్వేముందు నా చోటు నడవడానికి ఎవరో ఒకరు కావాలిగా? నీ చేతుల్లో కలవకపోతేనే తవ్వనివ్వు."

ఇర్మా చేతిలోని తీగలను సరిచేసుకుంది. "శీతాకాలంలో మాత్రం పోకు. నేల గడ్డకడితే వెర్లిన్ మనిద్దర్నీ తిడతాడు."

"చూస్తాను."

ఇద్దరూ తూర్పు వైపుగా గుట్ట దిగసాగారు. పడమటి ఎండకు నీడలు వారి ముందు పొడుగ్గా సాగాయి. ఇర్మా ఒక అడుగు వెనుక, కాస్త పక్కగా ఉంది. తీగలు ఆమె పిడికిట్లో వదులుగా ఉన్నాయి. నేలమీది నీడలో ఆ రెండు సన్నని గీతలు ఆల్వినా వీపువైపు తిరిగి, నెమ్మదిగా ఒకదానిమీద ఒకటి వాలడం ఆల్వినా చూసింది. మరుక్షణం అవి ఇర్మా కోటు నీడలోకి మాయమయ్యాయి.

"కాస్త వేగంగా నడు. రొట్టెలు చల్లారిపోతాయి" అంది ఇర్మా. "కాఫీ కూడా పెడతాను. కూజా నిండా."